‘మొద్దు’ అని ముద్ర వేసే ముందు...

బడిలో సైకాలజిస్టు చేసే పని ఏమిటి? * సుప్రీం కోర్టు తీర్పు ఊరి బడి దాకా చేరాలి

అనకాపల్లి (గ్రామీణ విలేఖరి): “మాస్టారూ! కళ్ళు మాత్రం వదిలేసి చర్మం ఒలిచెయ్యండి. వీడికి నాలుగు అక్షరాలు వస్తే చాలు.” పిల్లవాణ్ణి బడిలో వేసేటప్పుడు తండ్రి అనే ఈ మాట మన ఊళ్ళలో తాతల కాలం నుంచీ ఉంది. బిడ్డకు చదువు రావాలన్న ఆరాటమే తప్ప అందులో ద్వేషం లేదు. కాని, వదిలెయ్యమన్న ఆ కళ్ళకే బోర్డు మీది అక్షరం ఆనకపోతే? మాస్టారు చెప్పేది చెవికే సరిగా చేరకపోతే? అప్పుడు చర్మం ఒలిచి ఏం లాభం?

చదువులో వెనకబడ్డ పిల్లవాడికి మనం వెంటనే ఇచ్చే బిరుదు ‘మొద్దు’. ఆ బిరుదు ఒకసారి తగిలిందంటే ఇక ఊడదు. ఇంట్లో అదే పేరు, బడిలో అదే పేరు, వీధిలోనూ అదే పేరు. రెండేళ్ళు పోయేసరికి పిల్లవాడు కూడా తాను మొద్దునేనని నమ్ముతాడు. “మా గుంటడికి సదువు అబ్బలేదు బాబూ, గొడ్లెంట అంపేత్తాం” అని తండ్రి తేల్చేస్తాడు. ఆడపిల్లయితే పెళ్ళి మాట ఎత్తుతారు. చదువు ఎందుకు అబ్బలేదో ఎవరూ వెతకరు.

ఆ ‘ఎందుకు’ను వెతకడమే ఉద్యోగంగా గల మనిషి ఒకరున్నారు. ఆయనే స్కూలు సైకాలజిస్టు. తెలుగులో చెప్పాలంటే బడిలో పనిచేసే మనస్తత్వ నిపుణుడు. పల్లెల్లో ఈ ఉద్యోగం పేరు విన్నవారే తక్కువ. అయితే 2025 జూలైలో దేశ అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన ఒక తీర్పుతో ఈ మనిషి అవసరం ఊరి బడి గుమ్మం దాకా వచ్చింది. అందుకే ఆయన ఎవరు, ఏం చేస్తారు, ఏం చెయ్యరు అన్నది ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవలసిన అవసరం ఉంది.

పిచ్చి డాక్టరు కాదు

సైకాలజిస్టు అనగానే మన వాళ్ళకు రెండు అపోహలు కలుగుతాయి. ఒకటి, ఆయన పిచ్చి డాక్టరని. “మా వాడికేం పిచ్చి పట్టలేదు” అని తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. రెండోది, కొన్ని చోట్ల వీరిని ‘కౌన్సెలర్’ అంటారు గనుక, మునిసిపాలిటీలో వార్డు కౌన్సిలరు కాబోలు అనుకుంటారు. రెండూ కాదు.

మానసిక వ్యాధులకు మందులు రాసే డాక్టరును సైకియాట్రిస్టు అంటారు. ఆయన ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపైన మానసిక వైద్యంలో పై చదువు చదివినవాడు. సైకాలజిస్టు చదివింది మనస్తత్వ శాస్త్రం. మనిషి ఎలా నేర్చుకుంటాడు, ఎందుకు మరచిపోతాడు, ఎందుకు భయపడతాడు అన్నది ఆయన చదువు. ఆయన సూది వెయ్యడు, మాత్ర ఇవ్వడు. మాట్లాడతాడు, గమనిస్తాడు, పరీక్షలు పెడతాడు, దారి చెబుతాడు. మందు అవసరమనిపిస్తే డాక్టరు దగ్గరకు పంపుతాడు. చికిత్స వైపు పనిచేసే క్లినికల్ సైకాలజిస్టులు 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకొని ఉండాలి. బోర్డు కట్టిన ప్రతివాడూ నిపుణుడు కాదన్న మాట.

ఇక బడిలో పనిచేసే వారి సంగతి. మాస్టారు తరగతి మొత్తాన్ని చూస్తారు. నలభై మందికి ఒకే పాఠం చెప్పాలి, సిలబస్ పూర్తి చెయ్యాలి, పైగా మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ హాజరు. సైకాలజిస్టు ఆ నలభై మందిలో ఆగిపోయిన ఒక్కణ్ణి చూస్తారు. ఎక్కడ ఆగాడు, ఎందుకు ఆగాడు, ఎలా కదిలించాలి అన్న మూడు ప్రశ్నలే వారి పని.

కళ్ళజోడుతో మొదలైన కథ

ఈ ఉద్యోగం పుట్టిన తీరు కూడా మన ఊరి కథలాగే ఉంటుంది. 1896లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఒక పంతులమ్మ తన బడిలో చదివే 14 ఏళ్ళ కుర్రవాణ్ణి వెంటబెట్టుకొని విశ్వవిద్యాలయానికి వెళ్ళింది. కుర్రవాడు తెలివైనవాడే. మిగతా విషయాలు బాగానే చెబుతాడు. కాని ఎంత నేర్పినా మాటలు తప్పుల్లేకుండా రాయలేడు. “మీరు మనసును గురించి పెద్ద చదువులు చెబుతారు కదా, ఈ పిల్లవాడికి రాత ఎందుకు రావడం లేదో చెప్పండి” అన్నదే ఆమె రాకలోని సారాంశం.

అక్కడి ఆచార్యుడు లైట్నర్ విట్మర్ ఆ కుర్రవాణ్ణి పరీక్షించాడు. మొదట తేలింది ఏమిటంటే, కళ్ళలో లోపం. కళ్ళజోడు పెట్టించారు. దానితో కొంత మేలు జరిగింది గాని ఇబ్బంది పూర్తిగా తీరలేదు. అప్పుడు చదవడంలోనే వేరే చిక్కు ఉన్నదని గ్రహించి, ప్రత్యేకంగా తర్ఫీదు ఇప్పించాడు. పిల్లల చదువు చిక్కుల కోసం విట్మర్ ఆ ఏడాదే తెరిచిన కేంద్రం ప్రపంచంలో మొదటి మనస్తత్వ చికిత్సాలయంగా పేరు పొందింది.

తరువాత 1905లో ఫ్రాన్సు దేశంలో ఆల్ఫ్రెడ్ బినే, తియొడోర్ సిమోన్ అనే ఇద్దరు, బడిలో ప్రత్యేకమైన సాయం కావలసిన పిల్లలను గుర్తించడానికి ఒక పరీక్ష తయారు చేశారు. నేడు తెలివితేటల పరీక్ష అని చెప్పుకునే వాటికి అదే మూలం. 1913లో లండను నగర పాలక మండలి తన బడుల కోసం సిరిల్ బర్ట్ అనే సైకాలజిస్టును నియమించింది. 1915లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఆర్నాల్డ్ గెసెల్ ‘స్కూలు సైకాలజిస్టు’ అనే పదవిలో చేరాడు. అంటే ఇది నిన్న మొన్న పుట్టిన వింత కాదు, నూరేళ్ళు దాటిన వృత్తి.

ఆ మొదటి కేసులో గమనించవలసిన సంగతి ఒకటుంది. పిల్లవాణ్ణి పట్టుకువెళ్ళింది ఒక పంతులమ్మ. బాగుపడే దారి మొదలైంది కళ్ళ పరీక్షతో. నేటికీ ఈ పని చేసే పద్ధతి అదే: మొదట ఒంటిని చూడు, తరువాత ఇంటిని చూడు, ఆ తరువాతే బుర్రను చూడు.

ఒక కుర్రవాణ్ణి ఎలా పరీక్షిస్తారు?

ఉదాహరణకు ఏడో తరగతిలో ఒక కుర్రవాడు ఉన్నాడనుకుందాం. వాచకం ఇస్తే గట్టిగా చదవలేడు. బోర్డు మీద రాసింది తప్పులతో ఎక్కించుకుంటాడు. సైకాలజిస్టు వస్తే ఏం చేస్తారో వరుసగా చూద్దాం.

మొదట హాజరు పట్టీ తీయిస్తారు. చెరకు నరికే రోజుల్లో, బెల్లం వండే రోజుల్లో పిల్లవాడు బడికి వచ్చాడా? తల్లిదండ్రులు పనికోసం వలస పోయిన నెలల్లో ఎక్కడ ఉన్నాడు? మూడో తరగతిలో నాలుగు నెలలు పోగొట్టుకున్న పిల్లవాడికి ఏడో తరగతి పాఠం ఎలా అర్థమవుతుంది? ఇది తెలివికి సంబంధించిన లోటు కాదు, మధ్యలో మెట్టు లేని నిచ్చెన.

తరువాత కళ్ళు, చెవులు. దూరపు చూపు లేని పిల్లవాడు తనకు కనిపించడం లేదని చెప్పడు. అందరికీ అలాగే కనిపిస్తుంది కాబోలు అనుకుంటాడు. చెవిలో చీము కారే పిల్లలు మన ఊళ్ళలో కొత్త కాదు. ఏళ్ళ తరబడి చీము కారితే వినికిడి తగ్గుతుంది. ‘పిలిస్తే పలకడు, పొగరు’ అని మనం తిట్టేది అలాంటి వాళ్ళనే కావచ్చు. ఆ తరువాత తిండి, రక్తం. రక్తహీనత ఉన్న పిల్లకు పది నిమిషాలు కూర్చోగానే అలసట వస్తుంది, మనసు నిలవదు. మూర్ఛలో కూడా కింద పడిపోని రకం ఒకటుంది. పిల్లవాడు కొన్ని క్షణాలు గుడ్లప్పగించి ఉండిపోయి, మళ్ళీ మామూలవుతాడు. రోజులో ఎన్నోసార్లు వచ్చినా పరధ్యానం అనుకొని నెత్తిన మొట్టికాయ వేస్తాం. అది డాక్టరు చూడవలసిన జబ్బు.

ఇవేవీ కాకపోతే ఇంటి సంగతి. తండ్రి తాగి వచ్చి గొడవ చేసే ఇంట్లో పిల్లవాడు రాత్రి నిద్రపోతాడా? అమ్మానాన్నలు వలస పోతే ముసలమ్మ దగ్గర మిగిలిన పిల్ల మనసులో ఏముంది? ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష అయితే ఏజెన్సీ అంచు గ్రామాల పిల్లలు మొదటి రెండేళ్ళూ మాస్టారి మాట అర్థం చేసుకోవడానికే ఖర్చు పెడతారు. దాన్ని మందబుద్ధి అనడం అన్యాయం.

చివరగా పరీక్షలు. ఇవి మార్కుల పరీక్షలు కావు. బొమ్మలు పేర్చడం, చెక్క ముక్కలతో ఆకారం చెయ్యడం, చెప్పిన అంకెలు తిరిగి చెప్పడం, తోటివారికి తెలిసిన మాటలకు అర్థం చెప్పడం వంటివి. పిల్లవాడికి సహజంగా ఉన్న తెలివి ఎంత, చదవగలిగింది ఎంత అని పక్కపక్కన పెట్టి చూస్తారు. ఇక్కడ నిపుణుడికి జాగ్రత్త కావాలి. పట్నపు పిల్లలను దృష్టిలో పెట్టుకొని అడిగే ప్రశ్నలు పల్లె పిల్లవాడికి పెడితే అతను ఓడిపోవడం ఖాయం. లిఫ్టు ఎలా ఉంటుందో వాడికి తెలియకపోవచ్చు. కాని పొయ్యి మీద పాకం ఎప్పుడు దించాలో, ఏ ఆవు ఎప్పుడు ఈనుతుందో చెప్పగలడు. అది తెలివి కాదా? ఒక్క అంకె చూసి పిల్లవాడి జాతకం చెప్పేవాడు మంచి సైకాలజిస్టు కాడు.

అక్షరం కుదురుగా నిలవని పిల్లలు

కొందరు పిల్లలకు కళ్ళు బాగుంటాయి, చెవులు బాగుంటాయి, తెలివి ఉంటుంది, బడికీ వస్తారు. అయినా చదవడం రాదు. మ, య ఒకేలా తోస్తాయి. ప, వ తారుమారవుతాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియదు. ‘అమ్మ’ను ‘అమ’ అని రాస్తారు. నోటితో అడిగితే సమాధానం చెప్పే పిల్లవాడు కాగితం మీద సున్నా తెచ్చుకుంటాడు. దీన్ని డిస్లెక్సియా అంటారు. అలాగే లెక్కల్లో మాత్రమే, రాతలో మాత్రమే ఇబ్బంది ఉండే పిల్లలూ ఉంటారు. ఇది సోమరితనం కాదు, పెంపకం లోపం కాదు, పూర్వజన్మ కర్మ అంతకన్నా కాదు. మెదడు అక్షరాన్నీ శబ్దాన్నీ జోడించే పద్ధతిలోని తేడా. తాయెత్తు కడితే పోదు. కొడితే అసలే పోదు. ఓపికగా, వేరే పద్ధతిలో నేర్పితే చదవడం వస్తుంది.

చాలామందికి తెలియని సంగతి ఏమంటే, చట్టం దీన్ని గుర్తించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఈ ‘నిర్దిష్ట అభ్యసన వైకల్యం’ కూడా ఒకటి. ఇటువంటి పిల్లలను వీలైనంత చిన్న వయసులోనే గుర్తించి తగిన బోధన అందించాలని ఆ చట్టం చెబుతున్నది. వైకల్యం ఉన్న విద్యార్థులకు పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటి సౌకర్యాలు కల్పించాలని కూడా చెప్పింది. అయితే వీటిని అడగాలంటే ముందు ఎవరో ఒకరు పరీక్షించి, కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆ ఒక్కరు లేకనే హక్కు హక్కుగానే మిగిలిపోతున్నది.

విధులు ఏమిటి?

బడి సైకాలజిస్టు విధులను అయిదుగా చెప్పుకోవచ్చు.

ఒకటి, గుర్తించడం. వెనకబడ్డ పిల్లలనే కాదు, హఠాత్తుగా మారిపోయిన పిల్లలను కూడా. నిన్నటిదాకా గలగలలాడిన పిల్ల మూల కూర్చుంటే, ఆటలాడే కుర్రవాడు అన్నం మానేస్తే, హాస్టల్లో పిల్లవాడు పక్క తడుపుతుంటే దానికి కారణం ఉంటుంది.

రెండు, ప్రణాళిక వేయడం. ఫలానా పిల్లవాణ్ణి మొదటి వరుసలో కూర్చోబెట్టండి, ప్రశ్న చదివి వినిపించండి, జవాబు నోటితో చెప్పనివ్వండి, రోజుకు పదిహేను నిమిషాలు విడిగా చదివించండి, మూడు నెలలకు మళ్ళీ చూద్దాం. ఇలా పిల్లవాడికి తగినట్టు రాసి ఇస్తారు.

మూడు, ఉపాధ్యాయులకు తోడు నిలవడం. మాస్టారి తప్పులు ఎంచడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు కాదు. అల్లరి తరగతిని బెత్తం లేకుండా ఎలా అదుపులో పెట్టాలో కలిసి ఆలోచించే మనిషి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం తీసేశారు సరే, బదులు ఏమివ్వాలో మాస్టారికి చెప్పవద్దా?

నాలుగు, తల్లిదండ్రులతో మాట్లాడటం. ‘దెబ్బకు దెయ్యం దిగుతుంది’ అన్న నమ్మకం పోగొట్టడం, పక్కింటి పిల్లతో పోలిక మాన్పించడం, ‘మీ వల్లనే ఇలా అయింది’ అనకుండా దారి చూపించడం.

అయిదు, ఆపదలో ఆదుకోవడం. పరీక్ష తప్పిన పిల్లలు, ఇంట్లో చావు చూసిన పిల్లలు, ఎవరి చేతిలోనో పాడు అనుభవానికి గురైన పిల్లలు. వీరికి మొదట కావలసింది ఉపదేశం కాదు, వినే మనిషి.

పిల్లవాడు చెప్పింది నిపుణులు ఊరంతా చాటరు. గుట్టు కాపాడటం వారి వృత్తి ధర్మం. అయితే పిల్లవాడి ప్రాణానికి ముప్పు అనిపిస్తే ఇంట్లోవారికి చెప్పితీరాలి. పిల్లపై లైంగిక అత్యాచారం జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయాలి. ఈ బాధ్యత నిపుణులదే కాదు, సంగతి తెలిసిన ప్రతివారిదీ. పరువు పేరుతో పెద్దమనుషుల పంచాయతీలో సర్దుబాటు చెయ్యడం చట్టరీత్యా తప్పు.

విశాఖ నుంచి ఢిల్లీ దాకా వెళ్ళిన కేసు

2023 జూలైలో విశాఖపట్నంలో వైద్య విద్య ప్రవేశ పరీక్ష ‘నీట్’కు తర్ఫీదు పొందుతూ హాస్టల్లో ఉంటున్న 17 ఏళ్ళ విద్యార్థిని మృతి చెందింది. దర్యాప్తు సక్రమంగా జరగలేదని, కేసును సి.బి.ఐ.కి అప్పగించాలని తండ్రి కోరారు. రాష్ట్ర హైకోర్టు నిరాకరించగా ఆయన సుప్రీం కోర్టుకు వెళ్ళారు. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాలతో కూడిన ధర్మాసనం 2025 జూలై 25న తీర్పు చెప్పింది. దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించడమే కాక, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. తగిన చట్టం వచ్చేదాకా ఇవే అమలులో ఉంటాయని పేర్కొన్నది.

వాటిలో మనకు ముఖ్యమైనవి ఇవి. నూరుమంది, అంతకు మించి విద్యార్థులు ఉన్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సామాజిక కార్యకర్త కనీసం ఒక్కరైనా ఉండాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకొని, అవసరమైన పిల్లలను వారి దగ్గరకు పంపాలి. మార్కులను బట్టి పిల్లలను వేర్వేరు బ్యాచ్‌లుగా విడదీయడం, అందరిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానుకోవాలి. సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లయినా ఈ విషయంలో శిక్షణ ఇప్పించాలి. సాయం కోసం ఫోను చేయవలసిన నంబర్లను హాస్టళ్ళలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. అమలును చూడటానికి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన సంఘం ఉండాలి.

ఈ ఆదేశాలు కోచింగు సెంటర్లకే కాదు, ప్రభుత్వ, ప్రైవేటు బడులు, కాలేజీలు, హాస్టళ్ళు అన్నిటికీ వర్తిస్తాయి. పట్నంలో పెద్ద ఫీజులు తీసుకునే కాలేజీకి నిపుణుణ్ణి పెట్టుకోవడం భారం కాదు. ప్రశ్న ఊరి బడి గురించే. మన ఊళ్ళలో ప్రాథమిక పాఠశాలలు చాలావరకు నూరుమంది లేనివే. ‘చిన్న సంస్థ’ అన్న మాట చాటున అవి మరుగున పడే ప్రమాదం ఉంది. కాని బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలన్న రెండో భాగం ఉన్నది ఈ బడుల కోసమే.

2022 ఏప్రిల్‌లో ఏర్పడిన మన అనకాపల్లి జిల్లాలో 24 మండలాలు ఉన్నాయి. మండలానికి ఒక్కరు చొప్పున 24 మంది నిపుణులను నియమించి, వారానికి రోజుల వారీగా ఊళ్ళు కేటాయిస్తే, ఫలానా మంగళవారం మన బడికి వస్తారని తల్లికి తెలుస్తుంది. పశువుల డాక్టరు ఏ రోజు ఏ ఊరు వస్తాడో రైతుకు తెలిసినట్టే ఇదీ తెలియాలి. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రం చదువుకునే యువతీ యువకులు ఉన్నారు. తెలుగు తెలిసిన, మన యాస అర్థమయ్యే మనుషులకు కొదవ లేదు.

ఇప్పుడు అందుబాటులో ఉన్నవి

నిపుణుడు వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనవసరం లేదు. కొన్ని దారులు ఇప్పటికే ఉన్నాయి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. చూపు, వినికిడి, రక్తహీనత, ఎదుగుదలలో ఆలస్యం ఇందులో ఉన్నాయి. బృందం వచ్చిన రోజున పిల్లవాణ్ణి బడి మాన్పించకండి. మీ అనుమానం ముందే మాస్టారికి చెప్పండి.

ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం మండలాల్లో ‘భవిత’ కేంద్రాలు ఉన్నాయి. ఇక్కడ ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఉంటారు. మానసిక వైద్యం అవసరమైతే విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్ళినంత మాత్రాన పిచ్చివాడని అర్థం కాదు, జ్వరానికి ఆసుపత్రికి పోవడం వంటిదే.

మనసు బాగాలేకపోయినా, పిల్లవాడి మాట తీరు చూసి భయం వేసినా 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. ‘టెలి మానస్’ అనే ఈ సేవను కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలను హింసించినా, బాల్యవివాహం తలపెట్టినా 1098కి చెప్పవచ్చు. ఈ రెండు నంబర్లూ ఇంటి గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకున్నా తప్పులేదు.

పది ఫలితాలు, ఇంటరు ఫలితాలు వచ్చే రోజున తల్లిదండ్రులు మరింత జాగ్రత్తగా ఉండాలి. తప్పిన పిల్లను ఆ రోజు ఒంటరిగా వదలకండి. తిట్లు, పోలికలు, ఖర్చుల లెక్కలు ఆ రోజుకు వద్దు. “ముందు అన్నం తిను తల్లీ, సప్లిమెంటరీ ఉంది కదా” అన్న ఒక్క మాట చాలు. పిల్లలు ‘నేనుండి ఏం లాభం’ అంటే అది బెదిరింపు అని కొట్టిపారేయకండి. కూర్చోబెట్టి అడగండి, వినండి, సాయం పిలవండి.

విద్యా కమిటీ అడగాలి

2009 చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులమంది తల్లిదండ్రులే. అంటే మెజారిటీ మనదే. సాధారణంగా కమిటీలో గోడలు, మరుగుదొడ్లు, అన్నం గురించి మాట్లాడతారు. అవీ కావలసినవే. ఇకపై మరో నాలుగు ప్రశ్నలు కూడా వెయ్యాలి.

మన బడి పిల్లలకు కళ్ళు, చెవులు పరీక్షించి ఎన్నాళ్ళయింది? ఏ తరగతిలో ఎంతమంది చదవలేకపోతున్నారు, కారణం ఎవరైనా చూశారా? సుప్రీం కోర్టు చెప్పిన నిపుణుడు మన బడికి ఎవరు, ఏ రోజు వస్తారు? 14416 నంబరు గోడ మీద రాశారా? ఈ నాలుగూ తీర్మానంగా రాసి మండల విద్యాశాఖాధికారికి పంపితే జవాబు చెప్పవలసిన బాధ్యత వారిపై ఉంటుంది. నంబరు రాయడానికి ఏ జీవో అవసరం లేదు. ఒక సుద్దముక్క చాలు.

నాటు వేసిన మడిలో ఒక మూల పైరు ఎర్రబారితే రైతు ఆ పైరును తిట్టడు. నీరు నిలిచిందా, తెగులు తగిలిందా, ఎరువు చాలలేదా అని గట్టు దిగి చూస్తాడు. తెలియకపోతే తెలిసినవాణ్ణి పిలుస్తాడు. పైరుకు చూపే ఆ శ్రద్ధ బిడ్డకు చూపలేమా? చదవలేని ప్రతి పిల్లవాడి వెనకా ఒక కారణం ఉంది. దాన్ని వెతికే మనిషిని ప్రతి మండలానికీ పంపవలసిన బాధ్యత జిల్లా విద్యాశాఖది, పంపేదాకా అడగవలసిన బాధ్యత తల్లిదండ్రులది. కలెక్టరు అధ్యక్షతన ఉండవలసిన సంఘం తన మొదటి తనిఖీని పట్నపు కాలేజీతోనే సరిపెట్టక, ఏదో ఒక కొండ కింది ఊరి బడిలోనూ జరపాలి. ఆ సంగతి దండోరా వేయించి ముందే ఊళ్ళో చెప్పాలి.